"మా వాడు మెతక అండీ!" – స్వభావం, ఆట, మన పిల్లలు

(మన ఆలయ సభామందిరంలో సభ్య కుటుంబాల సమావేశంలో, పిల్లల క్రీడా కార్యక్రమాల వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మేమంటే ఎవరో చాలామందికి తెలుసు. ఆదివారాల్లో జిమ్ అద్దెకు తీసుకుని మన పిల్లలను ఆడించే వాలంటీర్లం. మాలో ఎక్కువమందిమి వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ వాళ్లం. సైకాలజిస్టులం కాదు. అయితే పిల్లలను ఆటకు దింపడానికి వచ్చే తల్లిదండ్రుల నోట మాకు పదే పదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "మా వాడు మెతక అండీ, వాడికి ఆటలు ఎక్కవు." "మా అమ్మాయికి సిగ్గు, టీమ్‌లో వేయకండి." "మా పెద్దవాడిలో ఆ కసి లేదు, చిన్నవాడిలో ఉంది." ఈ మాటలన్నీ ప్రేమతోనే అంటారు. కానీ పక్కనే బూట్ల లేసులు కట్టుకుంటున్న పిల్లవాడు వాటిని వింటూ ఉంటాడు. వాటిలో నిజమెంతో తెలుసుకుందామని మేము కొంత చదివాం, మాలో మేము చర్చించుకున్నాం. అదే ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని మన సామెత. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఇంకో సామెత. మొదటిది స్వభావం మారదంటుంది. రెండోది లేతగా ఉన్నప్పుడు వంచితే వంగుతుందంటుంది. మన పెద్దవాళ్లు రెండూ చెప్పి, ఏది ఎక్కడ వాడుకోవాలో మనకు వదిలేశారు. సైన్సులోనూ దాదాపు ఇదే వాదన నూరేళ్లుగా నడుస్తోంది.

మనుషులను స్వభావాన్ని బట్టి విభజించడం కొత్తేమీ కాదు. ప్రాచీన గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాలను బట్టి నాలుగు రకాల మనుషులన్నారు. మన ఆయుర్వేదం వాత పిత్త కఫాలంది. భగవద్గీత సత్త్వ రజస్తమో గుణాలంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇది కొలతల శాస్త్రంగా మారింది. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వవేత్త 1949లో పదహారు గుణాలను కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. హాన్స్ ఐసెంక్ రెండు గీతలు గీశారు. ఒకటి నలుగురిలో కలిసిపోవడం నుంచి తనలో తాను ఉండడం దాకా. రెండోది త్వరగా కలత చెందడం నుంచి నిబ్బరంగా ఉండడం దాకా. ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునేది ఐదు గుణాల లెక్క: కొత్తదనం పట్ల ఆసక్తి, బాధ్యతగా పని చేసే తీరు, కలుపుగోలుతనం, ఇతరులతో సర్దుకుపోయే గుణం, కలత చెందే స్వభావం. వీటిని బిగ్ ఫైవ్ అంటారు.

ఈ గుణాలు కల్పితాలు కావు. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాల ప్రకారం, ఈ గుణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువుల వల్ల వస్తాయి. కాబట్టి "వాడు అచ్చం వాళ్ల తాతే" అని అమ్మమ్మ అంటే కొట్టిపారేయనక్కర్లేదు. మా భాషలో చెప్పాలంటే, స్వభావం అనేది ఫోన్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ సెట్టింగ్ లాంటిది. మనం ఏమీ చేయకపోతే అది అలాగే పని చేస్తుంది. అంతమాత్రాన ఆ ఫోన్‌తో ఇంకేమీ చేయలేమని కాదు.

మరి ఆటల్లో గెలిచేవాళ్లకు ప్రత్యేకమైన స్వభావం ఏదైనా ఉందా? ఈ ప్రశ్న వెంట పరిశోధకులు చాలా దూరం వెళ్లారు. 1960లలో అమెరికాలోని శాన్ హోసే స్టేట్‌లో పనిచేసిన బ్రూస్ ఒగిల్వీ, థామస్ టుట్కో అనే ఇద్దరు, క్రీడాకారుల కోసమే ఒక ప్రశ్నావళి తయారు చేశారు. పట్టుదల, దూకుడు, నాయకత్వం, ఆత్మవిశ్వాసం లాంటి పదకొండు లక్షణాలకు మార్కులు వేసేది. ప్రొఫెషనల్ జట్లు దాన్ని కొని వాడాయి. కాగితం మీద టిక్కులు పెడితే ఎవరు చాంపియన్ అవుతారో తేలిపోతుందన్న ఆశ ఎవరికి ఉండదు?

ఆ ఆశ నిలబడలేదు. తోటి శాస్త్రవేత్తలు గట్టి ప్రశ్నలే అడిగారు. ఎలాంటి జవాబు రాస్తే జట్టులోకి తీసుకుంటారో ఆటగాడికి తెలుసు కదా, మరి నిజమే రాస్తాడా? ఒక అధ్యయనంలో కనిపించిన "చాంపియన్ గుణం" ఇంకో అధ్యయనంలో ఎందుకు కనిపించడం లేదు? ఈ రంగం రెండు వర్గాలుగా చీలిపోయింది. గుణాలను చూసి విజయాన్ని ముందే చెప్పేయవచ్చని నమ్మేవారు ఒక వర్గం, అది కుదరదనేవారు రెండో వర్గం. విలియం మోర్గన్ అనే పరిశోధకుడు ఇద్దరూ అతి చేస్తున్నారన్నారు. స్థిరమైన గుణాల కన్నా, పోటీ సమయంలో మనసు ఎలా ఉందన్నది చూడమన్నారు. మేటి ఆటగాళ్లలో ఉత్సాహం సగటు కన్నా పైన, ఆందోళన, దిగులు, కోపం, అలసట, అయోమయం సగటు కన్నా కింద ఉన్నాయని చూపారు. గ్రాఫు గీస్తే నీళ్ల మీదకు తేలిన మంచుకొండలా ఉంటుంది. అందుకే దానికి ఐస్‌బర్గ్ ప్రొఫైల్ అని పేరు.

అది కూడా చివరి మాట కాలేదు. అలాంటి అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి 1995లో ఒక సమీక్ష వచ్చింది. విజయం సాధించినవారికీ సాధించనివారికీ మధ్య తేడాలో ఈ మానసిక స్థితి లెక్క వివరించగలిగింది ఒక శాతం కన్నా తక్కువేనని అందులో తేలింది. ఒక్క శాతం! కాబట్టి ఇంటర్నెట్‌లో పది నిమిషాల క్విజ్ ఒకటి చేయించి, "మా అమ్మాయి ఈ టైపు అట, టెన్నిస్ మాన్పించి చెస్‌లో వేద్దాం" అనుకునే తల్లిదండ్రులకు మా విన్నపం: ఆ క్విజ్ సరదాకి చేయండి, దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకండి.

ఇప్పుడు హైదరాబాద్ వెళ్దాం. గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీ గురించి మనందరికీ తెలుసు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ గారు తర్వాత కట్టిన అకాడమీ అది. అక్కడ తయారైన ముగ్గురిని చూడండి. సైనా నెహ్వాల్ కోర్టులో మొదటి నుంచీ పోరాట స్వభావం కనబరిచిన అమ్మాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. గుంటూరు నుంచి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ నెమ్మదస్తుడు, ముఖంలో పెద్దగా ఏదీ బయటపడదు. మొదట డబుల్స్ ఆడేవాడు, గోపీచంద్ గారు సింగిల్స్‌లోకి మార్చారు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను చైనాలోనే ఓడించాడు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మూడో మనిషి పి.వి. సింధు. చిన్నప్పుడు బిడియస్తురాలు, మెత్తని పిల్ల. గురువు ఒక్కరే, అకాడమీ ఒక్కటే. ముగ్గురివీ మూడు స్వభావాలు. "చాంపియన్ స్వభావం" అనే అచ్చు ఒకటి ఉంటే, ఈ ముగ్గురిలో ఇద్దరు అందులో పట్టరు.

సింధు విషయంలో ఒక సంగతి చాలామంది విని ఉంటారు. కోర్టులో ఆమె నోరు విప్పేది కాదు. పాయింటు గెలిచినా మౌనమే. ఒక రోజు గోపీచంద్ గారు ఆమెను అకాడమీలో అందరి ముందూ నిలబెట్టి, గట్టిగా అరిస్తే గానీ రాకెట్ పట్టుకోనివ్వనన్నారు. ఆ అమ్మాయికి ఏడుపొచ్చింది. కానీ చివరికి అరిచింది. రియోలో 2016లో ప్రతి పాయింటుకీ పిడికిలి బిగించి అరిచిన సింధును మనం టీవీలో చూశాం. ఆ రజతం వెనక ఆ రోజు కూడా ఉంది.

దీన్ని చూసి ఏమనాలి? సింధు స్వభావం మారిపోయిందా? క్రీడా మనస్తత్వ శాస్త్రంలో ఎడ్విన్ హాలండర్ చెప్పిన పొరల లెక్క ఇక్కడ ఉపయోగపడుతుంది. మనిషి వ్యక్తిత్వం ఉల్లిపాయ లాంటిదనుకోండి. లోపలి పొర మన విలువలు, నమ్మకాలు. అది అంత తేలిగ్గా కదలదు. మధ్య పొర మనం మామూలుగా స్పందించే తీరు. పైపొర, ఆ సమయంలో మనం పోషిస్తున్న పాత్రకు తగ్గ ప్రవర్తన. ఇది అన్నిటికన్నా త్వరగా మారేది, నేర్చుకోగలిగేది. ఇంట్లో ఒకలా, ఆఫీసు మీటింగులో ఇంకోలా, ఇక్కడ పూజలో మరోలా ఉంటాం. అంతమాత్రాన మనది నటన అనరు కదా. గోపీచంద్ గారు ముట్టుకున్నది సింధు పైపొరను. లోపలి అమ్మాయి అలాగే ఉంది. కోర్టు గీత దాటి లోపలికి వెళ్లినప్పుడు వేసుకునే ఒక పాత్రను మాత్రం ఆమె నేర్చుకుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ కథ విని ఎవరూ ఇంటికెళ్లి పిల్లలను హాల్లో నిలబెట్టి అరవమనకండి. ఆయన ఆమెను ఏళ్ల తరబడి రోజూ చూస్తున్న గురువు. ఆ అమ్మాయికి ఆయన మీద నమ్మకం ఉంది. అదే పని అపరిచితుడు చేస్తే అవమానం అవుతుంది. శ్రీకాంత్ లాంటి పిల్లవాడికి అది అవసరమే కాకపోవచ్చు. స్వభావం తెలిస్తే దక్కే ప్రయోజనం ఇదే. ఎవరిని ఆడించాలో అది చెప్పదు, ఎవరికి ఎలా నేర్పాలో చెబుతుంది.

ముద్రల సంగతి కూడా సింధు కథలోనే ఉంది. రియో ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడింది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకుహారాతో గంటా యాభై నిమిషాలు పోరాడి ఓడింది. 2018లో కామన్వెల్త్, ప్రపంచ చాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్, మూడు ఫైనల్స్‌లోనూ ఓడింది. ఇంకేముంది, "సిల్వర్ సింధు" అన్నారు. ఫైనల్ ఒత్తిడి తట్టుకునే స్వభావం కాదన్నారు. మధ్యలో ఆమె వేరే టోర్నీల్లో గెలిచిన ఫైనల్స్ ఎవరికీ గుర్తు రాలేదు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఏడాదిలో ఒక మనిషి స్వభావం తలకిందులైపోదు. ముద్రే తప్పు. ఇరవై నాలుగేళ్ల ఒలింపిక్ పతక విజేత అలాంటి ముద్రను మోసి దాటగలిగింది. పదేళ్ల పిల్లవాడి పరిస్థితి ఏమిటి?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఓక్‌విల్‌లో పెరిగిన అడమ్ వాన్ కూవర్డెన్ ఇక్కడి బర్లోక్ కనూ క్లబ్‌లో కయాక్ నేర్చుకుని 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచారు. 2008 బీజింగ్‌లో కెనడా జెండా పట్టుకుని నడిచారు. అక్కడ వెయ్యి మీటర్ల ఫైనల్లో ఎనిమిదో స్థానంలో ఉండిపోయారు. మర్నాడే ఐదు వందల మీటర్లలో రజతం గెలిచారు. ఒకే మనిషి, ఒకే స్వభావం, ఒకే ఒలింపిక్స్. మొదటి రోజు ఫలితం చూసి ఆయన్ను పిరికివాడందామా? రెండో రోజు చూసి ధీరుడందామా?

మనస్తత్వ శాస్త్రం ఇక్కడ చాలా అవసరమైన తేడా ఒకటి చెబుతుంది. స్వతహాగా కలత పడే గుణం వేరు, ఆ క్షణంలో కలిగిన కలత వేరు. చార్లెస్ స్పీల్‌బెర్గర్ ఈ తేడాను కొలతల్లో పెట్టారు. మనకు దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. గీత మొదటి అధ్యాయం చూడండి. అర్జునుడు స్వభావరీత్యా పిరికివాడా? కానీ కురుక్షేత్రంలో నోరెండిపోయింది, ఒళ్లు వణికింది, గాండీవం చేతిలోంచి జారింది. కృష్ణుడు "నీ స్వభావమే ఇంత" అని రథం వెనక్కి తిప్పలేదు. కూర్చోబెట్టి మాట్లాడాడు. పద్నాలుగో అధ్యాయంలో, మూడు గుణాలూ ఒకదాన్నొకటి అణచి పైకి వస్తూ ఉంటాయన్నాడు. ఆరో అధ్యాయంలో, మనసు చంచలమే, అయినా అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందన్నాడు. మ్యాచ్‌కు ముందు కడుపులో తిప్పుతోందన్న పిల్లవాడికి చెప్పాల్సిన మాటలు ఇందులో ఉన్నాయి.

మన పిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. అది మాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త 1936లో ఒక సూత్రం రాశారు. ప్రవర్తన అనేది వ్యక్తి, పరిస్థితి, ఈ రెండూ కలిసిన ఫలితం అని. మనం వ్యక్తిని చూస్తాం, పరిస్థితిని మరచిపోతాం.

ఇక్కడి హాకీ డ్రెస్సింగ్ రూములో మన పిల్లవాడు ఒక్కడే మన రంగు పిల్లవాడు కావచ్చు. మిగతా పిల్లలు మూడేళ్లకే స్కేట్లు కట్టినవాళ్లు, నిన్న రాత్రి మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటారు. మనవాడు నోరు మెదపడు. సీజన్ చివర కోచ్ కాగితంపై "బాగా నిశ్శబ్దం, ఇంకొంచెం దూకుడు కావాలి" అని రాసిస్తారు. మనం దాన్ని చదివి "అవునండీ, వాడు పుట్టుకతోనే మెతక" అంటాం. అదే పిల్లవాడు ఉగాది నాటకానికి ఇదే హాల్లో పదిమంది పిల్లలను వరసలో నిలబెట్టి డైలాగులు నేర్పిస్తాడు. అన్నప్రసాదం దగ్గర చిన్నపిల్లలను తగాదా పడకుండా చూస్తాడు. నాయకత్వం లేదా వాడికి? ఉంది. అది ఎక్కడ బయటికి వస్తుందో పరిస్థితి నిర్ణయిస్తోంది. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అది సిగ్గు కాదు, ఇంకా భాష కుదురుకోకపోవడం. దాన్ని స్వభావం అని పేరు పెడితే, ఆరు నెలల్లో పోవాల్సింది ఆరేళ్లు ఉండిపోతుంది.

డోనోవన్ బెయిలీ కూడా చిన్నప్పుడు జమైకా నుంచి వలస వచ్చి ఈ ఊళ్లోనే పెరిగినవాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వంద మీటర్లు 9.84 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆయన పేరుతో మన ఊళ్లో పార్కు ఉంది. ఆ ఫైనల్లో ఫాల్స్ స్టార్టులు పదే పదే జరిగాయి. అసలు పరుగు మొదలయ్యాక ఆయన ఆరంభంలో వెనకబడే ఉన్నాడు. మొదటి ముప్ఫై మీటర్లు మాత్రమే చూసినవాళ్లెవరూ ఆయన గెలుస్తాడని అనుకోరు. పిల్లల విషయంలో మనం చాలాసార్లు మొదటి ముప్ఫై మీటర్లే చూస్తాం.

మరి ఇంట్లో ఏం చేయాలి? మాకు పనికొస్తాయనిపించిన నాలుగు మాటలు చెబుతాం.

మొదటిది, పేరు పెట్టకుండా పని చెప్పండి. "నువ్వు మెతక" అంటే వాడు చేయగలిగింది ఏమీ లేదు. "షటిల్ నీ దగ్గరికి వచ్చినప్పుడు 'నాది' అని గట్టిగా అను" అంటే చేయగలిగిన పని ఒకటి ఉంది. పైపొరలో, ఒకసారి ఒక్కటే. ముఖ్యంగా పిల్లవాడు వింటుండగా ఇతరులతో వాడి స్వభావం గురించి తీర్పులు చెప్పవద్దు. అన్నదమ్ములను పోల్చి అసలే చెప్పవద్దు.

రెండోది, మూడు చోట్ల చూడండి. ఇంట్లో, గుడిలో, ఆటలో. మూడు చోట్లా ఒకేలా ఉంటే అది స్వభావం కావచ్చు. ఒక్క చోటే ఉంటే ఆ చోటును చూడాలి. కోచ్‌తో మాట్లాడండి. పిల్లవాడు వేరే చోట ఎలా ఉంటాడో ఆయనకు తెలియదు, మీకే తెలుసు.

మూడోది, మనసు కుదుర్చుకునే పద్ధతి ఎవరిది వారికి దొరకనివ్వండి. హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్ 2017 ప్రపంచ కప్‌లో బ్యాటింగ్‌కు వెళ్లేముందు బౌండరీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంది. పక్క ఊరు మిస్సిసాగాలో పెరిగిన బియాంకా ఆండ్రీస్కు, తాను గెలిచినట్టు కళ్లు మూసుకుని ఊహించుకోవడం చిన్నతనంలోనే తల్లి దగ్గర నేర్చుకుంది. 2019లో సెరెనా విలియమ్స్‌ను ఓడించి యూఎస్ ఓపెన్ గెలిచింది. ఒకరికి పుస్తకం, ఒకరికి ధ్యానం, సింధుకు అరుపు. మన పిల్లలకు రెండు నిమిషాల ప్రాణాయామం ఇక్కడే నేర్పుతున్నాం. నచ్చినవారు వాడుకోవచ్చు.

నాలుగోది, కారులో ఇంటికెళ్లే దారి. మ్యాచ్ ఓడిన పదిహేను నిమిషాల్లో పిల్లవాడి మనసు చాలా పచ్చిగా ఉంటుంది. అప్పుడు అన్న మాట త్వరగా లోపలికి దిగుతుంది. విశ్లేషణ మర్నాటికి వాయిదా వేయండి. "ఆకలేస్తోందా?" అని అడిగితే చాలు.

చివరగా ఒక్క మాట. ఇక్కడున్న పిల్లల్లో ఎవరైనా సింధు అవుతారో లేదో మాకు తెలియదు, అందుకోసం ఆడించడం లేదు కూడా. నిశ్శబ్దంగా ఉండే పిల్లలు నిశ్శబ్దంగానే ఉండి హాయిగా ఆడుకోవచ్చు. గట్టిగా ఉండే పిల్లలు గట్టిగా ఆడుకోవచ్చు. పెద్దవాళ్లు అన్న ఒక మాట వల్ల ఆట మానేసే పిల్లలు మాత్రం మన మధ్య ఉండకూడదు. వచ్చే ఆదివారం నుంచి మా హాజరు పట్టీలో "స్వభావం, వ్యాఖ్యలు" అనే గడి తీసేస్తున్నాం. దాని బదులు "ఈ వారం కొత్తగా చేసింది" అనే గడి పెడుతున్నాం. అది నింపడానికి తల్లిదండ్రులు కూడా జిమ్‌కి వచ్చి కాసేపు కూర్చోవాలని, వీలైతే ఒక రాకెట్ పట్టుకోవాలని మా కోరిక.

 సర్వే జనాః సుఖినో భవంతు.